బంతులతో చంద్రుడి దూరం

సంపాదకుల వారికి,

శ్రీహరికోటలో రాకెట్ లేచినప్పుడల్లా మా బడి పిల్లలు మైదానంలోకి పరుగెడతారు. పొగచార మాయమయ్యేదాకా ఎవరూ కదలరు. అదే పిల్లలు క్లాసులో గ్రహాల పేర్లు వరసగా అప్పజెప్పి కూర్చుంటారు. ఆగస్టు 23న జాతీయ అంతరిక్ష దినోత్సవం కూడా వక్తృత్వ పోటీలతోనే ముగిసిపోతోంది. నాకు చాలా బాధగా ఉంది.

మొన్న ఒకరి చేతికి బాస్కెట్‌బాల్, ఇంకొకరికి టెన్నిస్ బంతి ఇచ్చాను. ఇది భూమి, అది చంద్రుడు, ఎంత దూరంలో నిలబడాలో చెప్పండి అన్నాను. అందరూ మూరెడు దూరం చూపించారు. నిజానికి మధ్యలో 30 భూములు పడతాయి, అంటే ఏడు మీటర్ల పైమాటే. టెన్నిస్ బంతి పట్టుకున్న పాప వెనక్కి నడుస్తూ నడుస్తూ వరండాలోకి వెళ్లిపోయింది. "ఇంకా వెళ్లాలా టీచర్?" అని అక్కడి నుంచి కేక!

పళ్లెంలో ముగ్గుపిండి పరిచి, పైన పసుపు చల్లి, గోళీ వదిలితే చంద్రుడి మీది గుంటలు ఎలా పడ్డాయో కళ్లకు కడుతుంది. ఖర్చు పది రూపాయలు కూడా కాదు. విద్యాశాఖ ఇలాంటివాటికి వారానికి ఒక్క పీరియడ్ కేటాయించాలి, టీచర్లకు వీటిలో శిక్షణా ఇవ్వాలి.

– ఒక ఉపాధ్యాయురాలు, నెల్లూరు జిల్లా