సాగు పేజీలో ఇంటి పనికీ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

వసంతం మొదలవగానే మీ పత్రిక సాగు పేజీలో ఏ విత్తనం ఎప్పుడు వేయాలి, ఏ తెగులుకు ఏ మందు కొట్టాలి, పండ్ల చెట్లు పూతకు వచ్చినప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అనే వివరాలు వరుసగా వస్తుంటాయి. పనికొచ్చే సమాచారమే. వాటిని కత్తిరించి దాచుకునే వాళ్లలో నేనూ ఒకదాన్ని. అయితే ఆ సూచనలన్నీ పొలానికి ఒక్కరే మనిషి ఉన్నట్టు, ఆ మనిషికి ఆ వారం మరే పనీ లేనట్టు రాసినవి. కొన్ని గొర్రెలు, ఒకటి రెండు ఆవులు, నాలుగు కోళ్లు, కాస్త కూరగాయల సాగు కలిసి ఉన్న చిన్న కమతంలో అన్ని పనులూ ఒకే పక్షంలో నెత్తిన పడతాయి. అప్పుడు ఎవరు ఏది చేయాలి, ఎవరు ఏ రాత్రి నిద్రపోవాలి అన్నదే అసలు చిక్కు. ఆ చిక్కు సగానికి సగం శరదృతువులోనే పడుతుంది కాబట్టి, దాని గురించి అప్పుడే రాయాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

గొర్రె చూలు కాలం సుమారు 150 రోజులు. అంటే శరదృతువులో పొట్టేలును మందలోకి ఎప్పుడు వదిలామన్నదాన్ని బట్టే వసంతంలో ఈతలు ఎప్పుడు మొదలవుతాయో తేలిపోతుంది. పొట్టేలు ఎప్పుడూ మందలోనే తిరిగే ఇంట్లో ఈతలు చెదురుమదురుగా నెలల తరబడి సాగుతాయి, ఇంట్లో ఎవరో ఒకరికి ఆ నెలలన్నీ కంటి మీద కునుకుండదు. ఆడ గొర్రె దాదాపు 17 రోజులకోసారి ఎదకు వస్తుంది గనుక పొట్టేలును రెండు ఎదల కాలం, అంటే సుమారు ఐదు వారాలు, మందలో ఉంచి వేరు చేస్తే ఈతలు కూడా ఇంచుమించు ఐదు వారాల్లోనే ముగుస్తాయి. ఆ ఐదు వారాలు ఎక్కడ పడాలన్నది పొలాన్ని చూసి నిర్ణయించుకోవలసిన విషయం. బఠాణీ విత్తనం నేల 5 డిగ్రీల వేడిమికి చేరితే మెల్లగానైనా మొలుస్తుంది, మొక్కజొన్నకు 10 డిగ్రీలైనా ఉండాలి. పైగా నేల పదునుకు రావాలి. పిడికెడు మట్టి తీసి పిసికి బొటనవేలితో తడితే పొడిపొడిగా రాలాలి, ముద్దగా నిలిస్తే ఆగాలి. తడి నేలలో ట్రాక్టరు దింపితే మట్టి గట్టిపడి ఆ ఏడాది పంట వేళ్లు కిందికి దిగవు. కాబట్టి విత్తే రోజులు మన చేతిలో లేవు, ఈతల రోజులు మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉన్నాయి. ఈ రెంటినీ ఒకదాని మీద ఒకటి పడకుండా ఎడం చేసుకోవచ్చన్న సంగతి మీ పేజీలో నేనెన్నడూ చదవలేదు.

ఎడం ఎందుకంటే, ఈనే గొర్రె దగ్గర ఉండటం మరో పని చేస్తూ చేయగలిగిన పని కాదు. అది మంద నుంచి విడిపోయి ఒక మూలకు చేరుతుంది, గిట్టతో గడ్డిని గీరుతుంది, పడుకుంటుంది, లేస్తుంది, మళ్లీ పడుకుంటుంది. నీటి సంచి కనబడ్డాక గంట గడిచినా పిల్ల ముందుకు రాకపోతే తెలిసిన వాళ్లు చెయ్యి పెట్టి చూడాలి, లేదా పశువైద్యులను పిలవాలి. పిల్ల పడ్డాక ముక్కు మీది జిగురు తుడవాలి, తల్లి నాకేలా దాని ముందు పెట్టాలి, బొడ్డుకు అయోడిన్ అద్దాలి, ఒక్కో చనుకట్టు నుంచి రెండు ధారలు పిండి లోపలి అడ్డు వదిలిందో లేదో చూడాలి. ఆ తరువాత ముర్రుపాలు. పుట్టిన రెండు గంటల్లోపు తాగించడం మేలు. నాలుగు కిలోల పిల్లకు మొదటి విడతలో సుమారు 200 మిల్లీలీటర్లు కావాలి. రోజు గడిచిపోతే ఆ పాలలోని రోగరక్షణ పిల్ల రక్తంలోకి దాదాపు చేరదు. కవలలు పుట్టి, ఒకటి బలహీనంగా ఉందంటే ఇదంతా రెట్టింపు. ఇలా తెల్లవారాక అదే మనిషి విత్తనాల గొర్రు వెనక నడవాలంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఆవుల విషయంలో మరో చిన్న ఉపాయం ఉంది. సూడి ఆవులకు మేత పొద్దున కాకుండా చీకటి పడే వేళకు వేస్తూ వస్తే ఎక్కువ ఈతలు పగటిపూట జరుగుతాయని పశుపోషకులు ఎప్పటినుంచో గమనిస్తున్నారు, పరిశోధనల్లోనూ అదే తేలింది. ఖర్చు లేని ఈ మార్పు ఇంట్లో ఒకరికి నిద్రను మిగులుస్తుంది. సాగు పేజీ దీన్ని పాల దిగుబడి సూచనంత ముఖ్యంగా ఎందుకు చూడదో నాకు అర్థం కాదు.

ఇక అతి ముఖ్యమైన విషయం. చాలా ఇళ్లలో గొర్రెల ఈతలు చూసేది ఆడవాళ్లే. గర్భిణులు మాత్రం ఆ పనికి పూర్తిగా దూరంగా ఉండాలి. ఈనే గొర్రెల నుంచి, మాయ నుంచి, నెలలు నిండకుండా ఈసుకుపోయిన పిల్లల నుంచి టోక్సోప్లాస్మా, లిస్టీరియా, ఒక రకం క్లామిడియా అనే రోగక్రిములు సోకి గర్భస్రావానికి దారి తీయవచ్చు. దొడ్డిలో పనిచేసి వచ్చిన వాళ్ల బట్టలు, బూట్లు సైతం గర్భిణి ముట్టుకోకూడదని వైద్యులు హెచ్చరిస్తారు. మందకు వేయించే టీకాల గురించి మీ పేజీలో పట్టికలు వేశారు, ఇంట్లోని కోడలి గురించి ఒక్క వాక్యం లేదు. ఆమె తప్పుకుంటే ఆ రాత్రులు ఎవరు చూడాలన్నది కూడా ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతే.

పిల్లల మాటకొస్తే నేను రెండు వైపులా ఆలోచిస్తాను. సీసా పాలతో గొర్రెపిల్లను పెంచిన పిల్లకు, కోడిపిల్లల కింద మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం ఉంచి వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించడం నేర్చుకున్న పిల్లవాడికి ఏ పుస్తకం అంత శ్రద్ధ నేర్పదు. ఆ పనులు పిల్లలకు దూరం చేయాలని నేననను. కానీ విత్తే రోజుల తొందరలో బడి మాన్పించడం, ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకోవడం కూడా మన ఇళ్లలోనే జరుగుతాయి. ట్రాక్టరు వెనక తిరిగే షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. దానికి చొక్కా అంచు చిక్కితే పక్కనున్న వాళ్లు అరిచే లోపే అంతా అయిపోతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి వేసిన లెక్కల ప్రకారం 2024లో ప్రపంచంలో 13.8 కోట్ల మంది బాలకార్మికులు ఉన్నారు, వారిలో నూటికి 61 మంది వ్యవసాయంలోనే ఉన్నారు. పనిలో చేరే కనీస వయసుపై కార్మిక సంస్థ 1973లో చేసిన 138వ ఒప్పందం, దాని అమలు పరిధిని కుదించుకునే దేశాలు కూడా తప్పక కలుపుకోవలసిన రంగాల్లో వాణిజ్య సేద్యాన్ని చేర్చింది గానీ, స్థానిక అవసరాలకు పండిస్తూ కూలీలను క్రమంగా పెట్టుకోని చిన్న కుటుంబ కమతాలను విడిచిపెట్టింది. అంటే అలాంటి చోట్ల తనిఖీ చేయడానికి అధికారులు రాకపోవచ్చు. ఏ పని పిల్లలది, ఏది కాదు అని గీత గీయవలసిన వాళ్లు తల్లిదండ్రులే, వాళ్లకు ఆ గీత ఎక్కడ గీయాలో చెప్పే రాతలు కావాలి.

ఇదంతా ఇంటి విషయం, పత్రికకు సంబంధం లేదని అనే వాళ్లుంటారు. ప్రపంచంలోని కమతాల్లో నూటికి 90కి పైగా కుటుంబాలు నడిపేవేనని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చెబుతోంది. ఐక్యరాజ్యసమితి 2019 నుంచి 2028 వరకు కుటుంబ సేద్య దశాబ్దంగా ప్రకటించింది కూడా. కుటుంబమే నడిపే పనిలో కుటుంబాన్ని పక్కన పెట్టి దుక్కి, విత్తనం, ఎరువు మాత్రమే రాయడం సగం రాసినట్టే.

అందుచేత మీకు రెండు మనవులు. మొదటిది, ఈసారి శరదృతువులో, పొట్టేళ్లను వదిలే వేళకు ముందే, ఈతల రోజులనూ విత్తే రోజులనూ పక్కపక్కన పెట్టి చూసుకునేలా ఒక పుట కేటాయించండి. రాత్రి కాపలా వంతులు రాసుకోవడానికి అందులో ఖాళీ గడులు ఉంచితే గోడకు అంటించుకుంటాం. రెండవది, రైతుల ప్రశ్నలకు మీ పేజీలో జవాబులిచ్చే పశువైద్యులు, వ్యవసాయాధికారులు ఏదైనా పని సూచించినప్పుడల్లా దానికి ఎన్ని గంటలు పడుతుంది, ఎంతమంది కావాలి, గర్భిణులు, పిల్లలు, వృద్ధులు చేయదగినదేనా అన్నది కూడా జవాబులోనే చెప్పేలా చూడండి.

ఇట్లు,
ఒక చిన్నకారు రైతు, మీ పాఠకురాలు