కేఐ-67 శాతం ఒక్కటే చూసి భయపడొద్దు, ధీమా పడొద్దు

సంపాదకులకు నమస్కారం.

ముక్కు పక్కనో కంటిరెప్ప కిందో నల్లగా నిగనిగలాడే చిన్న బొడిపె లేస్తుంది. మధ్యలో పుండు పడి, చెక్కు కట్టి, మానినట్టే మాని మళ్లీ రేగుతుంది. బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. ముక్క పరీక్ష రిపోర్టు రాగానే కొందరు ముందు వెతికేది కేఐ-67 శాతం. అది ఎక్కువుంటే హడలిపోతున్నారు, తక్కువుంటే ఆపరేషన్ వాయిదా వేస్తున్నారు. రెండూ తప్పే.

విభజనకు దిగిన కణాల కేంద్రకంలో ఉండే ప్రొటీన్ కేఐ-67. గడ్డలో ఎంత శాతం కణాల్లో అది ఉందో రిపోర్టులో రాస్తారు. గడ్డ స్వభావం తెలుసుకోవడానికి ఇలా వెతికే ప్రొటీన్లనే మార్కర్లు అంటారు. ఈ క్యాన్సర్‌లో కణాలు జోరుగానే పుడతాయి, అంతే జోరుగా చచ్చిపోతాయి కూడా. అందుకే శాతం పెద్దగా కనిపించినా గడ్డ ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది. పైగా ఒకే గడ్డలో ఒకచోట లెక్క ఎక్కువ, పక్కనే తక్కువ. బీసీఎల్-2 అనే ఇంకో మార్కర్ సంగతి ఇంకా తికమక. కణాన్ని చావనివ్వని ప్రొటీన్ కదా, ఎక్కువుంటే ముప్పు అనిపిస్తుంది. నిజానికి నెమ్మది రకాల్లోనే అది గట్టిగా కనిపిస్తుంది, లోపలికి పాకే రకాల్లో తగ్గుతుంది. బెర్-ఈపీ4 అనే మార్కర్ పరీక్ష అయితే గడ్డ ఎంత దూకుడైనదో చెప్పదు. ఇది బేసల్ సెల్లా, స్క్వేమస్ సెల్ అనే మరో రకం చర్మ క్యాన్సరా అన్న అనుమానం తీర్చడానికే పనికొస్తుంది.

మన చర్మం విషయంలో ఇంకో చిక్కుంది. ఇక్కడి గడ్డల్లో మెలనిన్ ఎక్కువ, దాని రంగు గోధుమ. మార్కర్ పరీక్షలో మామూలుగా వాడే డీఏబీ రంగూ గోధుమే. తొందరలో చూస్తే మెలనిన్‌నే పాజిటివ్‌గా లెక్కేసే ప్రమాదం ఉంది. ఎర్ర రంగు ఇచ్చే ఏఈసీ వాడాలి, లేదా మిగతా కణాలు కనిపించడానికి వేసే నీలి రంగు హెమటాక్సిలిన్ బదులు గీమ్సా అనే రంగు వేయాలి. గీమ్సాతో మెలనిన్ నీలం-ఆకుపచ్చగా మారి విడిగా తెలుస్తుంది. పరీక్ష సరిగ్గా పనిచేసిందో పోల్చి చూసుకునే టాన్సిల్ ముక్క స్లైడు (కంట్రోల్) పక్కన లేకుండా కేఐ-67 చదవకూడదు.

పొరపాటు ల్యాబ్‌కు చేరకముందే జరగొచ్చు. తీసిన ముక్కను సెలైన్‌లోనో పొడి గాజుగుడ్డలోనో ఉంచితే ప్రొటీన్లు పాడైపోతాయి. ముక్కకు పదింతల పరిమాణంలో 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ పోయాలి, కనీసం 6 గంటలు నాననివ్వాలి. పైపైన గీకి తీసిన ముక్కలో అడుగున పాకే భాగం అసలు దొరకదు, అప్పుడు ఏ మార్కరూ దాన్ని చూపలేదు.

చికిత్సను నిర్ణయించేవి వేరే ఉన్నాయి: గడ్డ రకం (ఇన్‌ఫిల్ట్రేటివ్, మార్ఫియాఫార్మ్, మైక్రోనాడ్యులర్, బేసోస్క్వేమస్ ముప్పున్నవి), ఎక్కడుంది, ఎంత పెద్దది, నరం చుట్టూ పాకిందా, మునుపు తీసేసినా మళ్లీ వచ్చిందా. 2 సెంటీమీటర్ల లోపు, ముప్పు తక్కువ రకమైతే చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మంతో కలిపి తీస్తే సాధారణంగా సరిపోతుంది. ముక్కు, రెప్ప, చెవి దగ్గర పాకే రకమైతే అంచులన్నీ మైక్రోస్కోపు కింద చూశాకే గాయం మూయడం మేలు.

చర్మ క్యాన్సర్ మార్కర్ల గురించి ఆరోగ్య పేజీలో ఎప్పుడు రాసినా, రిపోర్టులో రకం, లోతు, అంచులు, నరం అనే నాలుగు వివరాలూ అడిగి తీసుకోమని పాఠకులకు చెప్పండి.

ఇట్లు,
ఒక పాథాలజిస్టు, గుంటూరు