ఆ 400 అడుగులు కోసేయమంటారా?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో ఒకాయన రాసిన వ్యాసం చదివానండీ, మన సినిమాల్లోంచి పాటలు, డాన్సులు తీసి అవతల పారేస్తే గానీ కథలు బాగుపడవని, హీరో హీరోయిన్లు ఉన్నట్టుండి ఏదో దేశంలో తేలి బట్టలు మార్చుకుంటూ గంతులేస్తుంటే బుర్ర ఉన్నవాడెవడూ చూడలేడని. ఆయన చెప్పినదాంట్లో సగం నాకూ ఒప్పే, ఆ సగం సంగతి కిందకొస్తాను, మిగతా సగం చదువుతుంటే మాత్రం ఊరుకోలేక ఈ ఉత్తరం మొదలెట్టాను, పొడుగైతే మీరే కత్తిరించుకోండి, నేను చెప్పబోయేది కూడా కత్తిరింపు గురించేలెండి.

నేను 26 ఏళ్ళు సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్ గా చేశాను, కార్బన్ కడ్డీలు మండించి ఆ వెలుగుతో బొమ్మ వేసిన రోజుల నుంచి డిజిటల్ పెట్టెలొచ్చి మమ్మల్ని ఇంటికి పంపించేదాకా. క్యాబిన్ లో ఉండేవాడికి సినిమా కన్నా జనమే బాగా తెలుస్తారు, ఆ చిన్న కిటికీలోంచి తెర సగం కనపడితే తలకాయలు సగం కనపడతాయి, రోజుకి నాలుగాటలు చూశాక తెర మీద ఏముందో మనకి కొత్త కాదు కాబట్టి కళ్ళు తలకాయల మీదకే పోతాయి. 35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, అంటే నాలుగున్నర నిమిషాల పాట మాకు సుమారు 400 అడుగులు. సెకండ్ షో లేటయ్యేట్టుంటే ముందు కత్తెర పడేది ఆ 400 అడుగుల మీదే. ఫైటు తీస్తే కుర్చీలు విరుగుతాయి, కామెడీ తీస్తే క్యాబిన్ తలుపు విరుగుతుంది, పాటయితే, అందులోనూ స్లో పాటయితే, అడిగే నాథుడుండడని మా మేనేజర్ గారి లెక్క.

ఒకసారి, సినిమా పేరెందుకులెండి, రెండో వారంలో అలాగే ఒక ఏడుపు పాట తీసేయమన్నారు. తీసేశాను. ఫిల్మ్ సిమెంటనే జిగురు రాసి అతికిస్తే జాయింటు కూడా తెలీనంత నున్నగా వచ్చింది. ఆ రాత్రి ఒక్కడూ అరవలేదు, ఒక్క ఈల లేదు, మేనేజర్ గారు నేను చెప్పలా అన్నట్టు చూశారు. పది నిమిషాలయ్యాక హీరోయిన్ తలుపు పట్టుకుని ఏడ్చే సీనొచ్చింది, అంతకుముందు వారమంతా ఆ సీనుకి చీమ చిటుక్కుమన్నా వినపడేదండీ హాల్లో, ఆ రాత్రి మాత్రం జనం నవ్వారు. ముందు నేల వాళ్ళు, తర్వాత బెంచీ, చివరికి బాల్కనీ కూడా. మొగుడు వదిలేసి పోయాడని వెనక సీన్లో డైలాగ్ ఉంది, అందరూ విన్నారు, విషయం అందరికీ తెలుసు, కానీ ఆమె ఆ కిటికీ దగ్గర ఎన్ని రాత్రిళ్ళు కూర్చుందో, వాన వెలిసి చలి ఎప్పుడు మొదలయ్యిందో అదంతా ఆ పాటలోనే ఉంది మరి. రెండు చరణాల్లో ఏడాది గడిపాడు డైరెక్టరు, నేను ఆ ఏడాదిని కోసి రేకు డబ్బాలో పెట్టాను. అది పోయాక మిగిలింది ఏంటంటే, మొగుడు పోయిన పది నిమిషాలకే గుండెలు బాదుకుంటున్న ఒకావిడ. నవ్వరా మరి?

మీ వ్యాసకర్త పాటొస్తే కథ ఆగిపోతుందంటాడు కదా, నేను చూసింది దానికి సరిగ్గా తలకిందులు. బాగా తీసిన పాటలో కథ ఆగదు సరికదా మామూలు కన్నా పది రెట్లు జోరుగా పోతుంది. 1957లో వచ్చిన మాయాబజార్ లో లాహిరి లాహిరి పాట అందరికీ తెలిసిందే, చాటుగా కలుసుకున్న శశిరేఖా అభిమన్యుల దగ్గర మొదలవుతుంది, తర్వాత కృష్ణుడు రుక్మిణి, ఆ తర్వాత పెద్దలు బలరాముడు రేవతి, అదే వెన్నెల అదే పాట, పిల్లల వలపు ఒకలా ఉంటుంది పెద్దలది ఇంకోలా ఉంటుంది గానీ ఆ వెన్నెలకి ఎవరైనా లొంగాల్సిందే అని చెప్పడానికి ఒక్క డైలాగన్నా పడిందా? అదే పాట లేకుండా సీన్లు రాసుకుంటే మూడు జంటలకి మూడు సీన్లు, ఒక్కో దానికి ఐదేసి నిమిషాలు. ఇంక నిడివి ఎక్కడ తగ్గినట్టు?

ఇంకోటి, పాటలు తర్వాతెప్పుడో క్యాసెట్లు అమ్ముకోడానికి తెచ్చి అతికించినవన్నట్టు రాశారాయన. మన సినిమాకి మాటొచ్చిన రోజే పాటా వచ్చిందండీ. 1931లో వచ్చిన మన దేశపు మొదటి టాకీ, అంటే మాటలున్న సినిమా, ఆలం ఆరాలో 7 పాటలు, ఆ మరుసటేడు ఇంద్రసభ అని ఒకటొచ్చింది, అందులో దాదాపు 70, అక్షరాలా డెబ్భై. అదే 1932లో మన తెలుగు మొదటి టాకీ భక్త ప్రహ్లాద, హెచ్‌.ఎం. రెడ్డి గారు తీసింది, అందులో వేషాలు కట్టింది సురభి నాటకాల వాళ్ళు, పద్యం ఎత్తుకుంటే వన్స్ మోర్ కొట్టించుకున్న మనుషులు, వాళ్ళు తెర మీదకొచ్చి పాడకుండా ఎలా ఉంటారు, చూసేవాళ్ళు ఎలా ఊరుకుంటారు. అప్పటికి ప్లేబ్యాక్ కూడా లేదు, అది 1935లో కలకత్తాలో డైరెక్టర్ నితిన్ బోస్, మ్యూజిక్ డైరెక్టర్ ఆర్‌.సి. బొరాల్ వాళ్ళు మొదలెట్టారు, అంతకు ముందు హార్మోనియం వాడు తబలా వాడు కెమెరాకి కనపడకుండా ఏ చెట్టు చాటునో కూర్చుని వాయించాలి, యాక్టరు నటిస్తూనే పాడాలి. అంత కష్టపడి పెట్టారంటే ఊరికే కాదు కదా. ఇదేదో మన ఒక్కళ్ళ పిచ్చి అని కూడా అనుకోకండి, 1927లో అమెరికావాళ్ళు మొదటి టాకీ అని ఆడించిన సినిమా కథే ఒక పాటగాడి కథ, అందులో మాటల కన్నా పాటలే ఎక్కువ.

జనానికి పాటంటే ఎంత పట్టుదలో ఆకాశవాణి వాళ్ళనడగాలి. 1952లో కేస్కర్ గారు సమాచార ప్రసార మంత్రిగా ఉన్నప్పుడు సినిమా పాటలు చవకబారువని రేడియోలో తొక్కిపెట్టారు, శాస్త్రీయ సంగీతం వినండి బాగుపడతారు అని. జనం బాగుపడలేదు, ముల్లు తిప్పి, సినిమా పాటలు వేసే పక్క దేశపు రేడియో సిలోన్ పెట్టుకున్నారు. ఐదేళ్ళు చూసి చూసి 1957 అక్టోబరులో ఆకాశవాణి వాళ్ళే సినిమా పాటల కోసం వివిధ భారతి పెట్టాల్సొచ్చింది. నాకు శాస్త్రీయ సంగీతం మీద కోపమేం లేదండోయ్, 1980లో శంకరాభరణం వచ్చినప్పుడు రామదాసు కీర్తనలకి హాళ్ళలో జనం చప్పట్లు కొట్టారు, మంచిది దొరికితే మాస్ అనీ క్లాస్ అనీ తేడా ఉండదు.

సరే ఎందుకంత ఇష్టం అంటే, నాకు క్యాబిన్ లోంచి తోచింది చెప్తాను, తప్పయితే దిద్దండి. సినిమాలో మనం ఇంటికి పట్టుకెళ్ళగలిగింది పాట ఒక్కటే. ఫైటు మనం చెయ్యలేం, కారు పేల్చలేం, ఆ హీరోయిన్ మన వైపు చూడదు, కానీ పాట పాడుకోవచ్చు, గొంతు బాలేకపోయినా, స్టెప్పు వేసుకోవచ్చు, కాళ్ళు తిరక్కపోయినా. ఆట వదిలాక మెట్లు దిగే జనాన్ని గమనించండి ఎప్పుడైనా, కథ గురించి మాట్లాడుకునేవాళ్ళు తక్కువ, పల్లవి కూనిరాగం తీస్తూ దిగేవాళ్ళే ఎక్కువ. వాళ్ళలో కొందరు రేపు మళ్ళీ వస్తారు, ఎందుకంటే రెండో లైను మర్చిపోయారు. నవ్వకండి, నిజంగా నన్నొకడు కిందకి పిలిచి అడిగాడు, అన్నా ఆ చరణంలో మూడో మాటేంటి అని, రోజుకి నాలుగుసార్లు వింటావుగా నీకు తెలీదా అని.

భాష రానివాళ్ళ సంగతి చూడండి. 1954లో రాజ్ కపూర్ ఆవారా రష్యాకి పోతే వాళ్ళు ఆవారా హూ పాట నోట బట్టారు, 1998లో రజనీకాంత్ ముత్తు జపాన్ లో ఆడితే డాన్సు చేసే మహారాజు అని పేరు పెట్టుకుని చూశారు. మొన్న నాటు నాటుకి 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది కదా, చంద్రబోస్ గారు అందులో పేర్చిన పల్లెటూరి పోలికలు తెలుగు రానివాడికి ఏం తెలుస్తాయి చెప్పండి, అయినా ఇద్దరు మగాళ్ళు భుజాల మీద చేతులేసుకుని ఒకే అడుగు వేస్తూ నువ్వా నేనా అని పోటీ పడటం తెలుస్తుంది, ఆ అడుగు ఇంట్లో అద్దం ముందు ప్రయత్నించి కింద పడటం కూడా తెలుస్తుంది. అన్ని దేశాలవాళ్ళూ అదే చేశారు. ఆ పాటలో నాకు నచ్చిందేంటంటే ఆ ఇద్దరి కాళ్ళు కనపడతాయి. తల నుంచి మడమ దాకా మనిషి మొత్తం కనపడి, ఇది నిజంగా వీళ్ళే వేస్తున్నారు అని నమ్మకం కలుగుతుంది.

ఇక్కడే నేను మీ వ్యాసకర్తతో కలుస్తాను. ఇప్పుడొచ్చే పాటల్లో చాలావాటికి కాళ్ళుండవు. దరువుకొక షాటు, హీరో నడుం దాకా, చటుక్కున మొహం, చటుక్కున వెనకాల ఓ యాభైమంది, ఆ వెంటనే డ్రోన్ ఎక్కి పైనుంచి, అందులో ఎవడు ఏం వేశాడో ఆ డాన్స్ మాస్టరుకైనా తెలుస్తుందా అని నా అనుమానం. పాత హాలీవుడ్ లో ఫ్రెడ్ ఆస్టైర్ అని ఒక మహానుభావుడుండేవాడు, నేను డాన్సు చేస్తుంటే నన్ను నిలువెత్తున చూపించాలి, కట్ చేస్తే ఊరుకోను అని పట్టుబట్టేవాడు. బస్బీ బర్క్‌లీ అని అదే రోజుల్లో ఇంకొకాయన దీనికి రివర్సు, కెమెరా నడినెత్తిన పెట్టి అమ్మాయిల్ని పువ్వుల్లా విచ్చుకునేట్టు తీసేవాడు, అదీ బావుంటుంది, అక్కడ ఆట మొత్తం ఆ ముగ్గులోనే ఉంది కాబట్టి. మనవాళ్ళు రెండూ కాకుండా ముక్కలు చేస్తున్నారు. ఇక మాటలా, బీటు కింద పడి నలిగిపోతున్నాయి, లిరికల్ వీడియోలో అక్షరాలు చూసి ఓహో ఇదా అనుకోవాలి. హీరో అన్నం తింటూ తింటూ చెయ్యి కడుక్కోకుండా మంచుకొండల మీదకి పోయే పాటని నేను వెనకేసుకురాను, అది కోసేయండి, నేనే బ్లేడు ఇస్తాను.

కోయాలో వద్దో ఎలా తెలుస్తుంది అంటే మాకో గుర్తుండేది. పాట రాగానే సిగరెట్ కోసం బయటికి పోయేవాళ్ళు తలుపు కర్టెను తీస్తారు, అది తీసినప్పుడల్లా బయటి లైటు తెర అంచు మీద పడుతుంది. చెత్త పాటకి ఆ వెలుగు మినుకు మినుకుమంటూనే ఉంటుంది. మంచి పాటకి కర్టెను కదలదు, ఐదారొందల మంది ఉన్న హాల్లో ఒక్కసారి కూడా కదలదు. ఇప్పుడు ఇంట్లో రిమోటు పట్టుకుని ఒక్కడే కూర్చుని పాటని స్కిప్ కొట్టేవాళ్ళు పాటలెందుకు అంటే నాకు ఆశ్చర్యం లేదు, పాట నలుగురిలో చూడాల్సింది. పాత సినిమాలు రీ-రిలీజ్ చేస్తే ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు తెర ముందుకెళ్ళి ఎగురుతున్నారు, ఆ సినిమా వాళ్ళ ఫోన్లోనే ఉంది, ఇంకెందుకొచ్చారంటారు?

మీ పత్రికకి చిన్న మనవి. రివ్యూల్లో పాటల గురించి ఒకటే లైను రాస్తున్నారు, పాటలు పర్వాలేదు నిడివి తగ్గిస్తే బావుండేది, అంతే. ఏ పాట కథని మోసింది, ఏది ఊరికే దూరింది, డాన్సు కట్టింది ఎవరు, అది రాయండి. మాయాబజార్ కి డాన్సులు కట్టిన పసుమర్తి కృష్ణమూర్తి గారు కూచిపూడి విద్వాంసులు, ఎంతమందికి తెలుసు? ఆస్కార్ వాళ్ళే 1930ల్లో డాన్స్ డైరెక్షన్ కి మూడేళ్ళు అవార్డిచ్చి ఎత్తేశారు, వాళ్ళ సంగతి మనకెందుకు, మనం రెండు వాక్యాలు రాస్తే పేజీ నిండిపోదు కదా.

అన్నట్టు ఆ కోసిన పాట సంగతి సగంలో వదిలేశాను. మర్నాడు మార్నింగ్ షోకి ముందే ఎవరికీ చెప్పకుండా మళ్ళీ పెట్టేశాను, మేనేజర్ గారు ఆఖరాట లేటయిందని నాలుగు తిట్టారు, తిడితే తిట్టారు. కానీ ఫిల్మ్ ని కోసి అతికిస్తే అటో ఫ్రేము ఇటో ఫ్రేము పోతుంది, పోయింది మళ్ళీ రాదు. పల్లవి ఎత్తుకునే చోట టక్కుమని చిన్న గతుకు ఉండిపోయింది. ఆ ప్రింటు మా హాల్లో ఇంకో మూడు వారాలు ఆడింది, జనంలో ఎవరూ పట్టించుకున్నట్టు లేదు గానీ నేను మాత్రం ఆ చోటు రాగానే ప్రతి ఆటకీ సౌండు కాస్త తగ్గించి మళ్ళీ పెంచేవాణ్ణి.

ఇట్లు,
ఒక పాత ప్రొజెక్టర్ ఆపరేటర్