పెన్షన్ పోతుందన్న భయం లేకుండా పనికి వెళ్లనివ్వండి

ఆంధ్రప్రదేశ్ విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ మంత్రిగారికి,

నమస్కారం సార్. మాది తెనాలి దగ్గర ఒక పల్లెటూరు. నాకు ఎడమ కాలు పోలియో. డిగ్రీ చదివాను, టైపింగ్ వచ్చు. మొన్న గుంటూరులో ఒక ఆఫీసువాళ్లు కంప్యూటర్ ఆపరేటర్‌గా రమ్మన్నారు. జీతం 11,000. ఇంటికొచ్చి చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి మాట, "మరి పెన్షనో?"

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని లెక్క వేసుకున్నాం. 2024 జూలైలో మా వికలాంగ పెన్షన్ 3,000 నుంచి 6,000 అయింది. అప్పటి నుంచి కిరాణా కొట్టులో మాకు బాకీ లేదు. ఆ మేలు మరచిపోను. కానీ పల్లెల్లో కుటుంబ ఆదాయం నెలకు 10,000 దాటితే అర్హత ఉండదు. అమ్మ కూలి డబ్బులు కలపకముందే నా జీతం ఆ హద్దు దాటేస్తోంది. అంటే కొత్తగా నాకు మిగిలేది 5,000. ఆడవాళ్లకిచ్చే స్త్రీశక్తి పథకం కింద బస్సు ఉచితమే, సంతోషం. బస్టాండు నుంచి ఆఫీసుకి మాత్రం ఆటో తప్పదు. పోను 50, రాను 50. ఆ 5,000లో సగం అక్కడే పోతుంది.

జీతం చేతికొచ్చేది కూడా నెల తిరిగాకే. కాలికి ఊతంగా కట్టుకునే నా క్యాలిపర్ బెల్టు తెగితే తాడుతో కట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో నడవడానికి అది చాలు, రోజూ పల్లెవెలుగు మెట్లు ఎక్కి దిగడానికి చాలదు. బెల్టు మార్పించాలి, మడమ ఎత్తు పెట్టించి చెప్పులు కుట్టించుకోవాలి. పనిలో చేరాలంటే ముందు ఆ డబ్బు కావాలి.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వృత్తి శిక్షణ, స్వయం ఉపాధికి రాయితీ రుణాల గురించి చెబుతుంది. కొట్టు పెట్టుకునేవాళ్లకు అది మంచిదే. నెల జీతానికి వెళ్లే మాలాంటివాళ్లకు కావలసింది అప్పు కాదు, తొలి నెల గట్టెక్కించే సాయం. పనిలో చేరే ప్రతి వికలాంగ పెన్షన్‌దారుకూ ఒక్కసారి ఆ సాయం ఇవ్వండి. ఏడాదిపాటు పెన్షన్ ఆపకండి. ఐర్లాండులో వైకల్య భత్యం తీసుకునేవాళ్లు సొంతంగా పని మొదలుపెడితే మొదటి ఏడాది భత్యం పూర్తిగా, రెండో ఏడాది 75 శాతం ఇచ్చే పథకం ఉంది. మనం ఒక్క ఏడాదితో మొదలుపెట్టలేమా?

ఇంకొకటి. ఉద్యోగం పోతే, వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు చుట్టూ మళ్లీ తిప్పకుండా పాత పెన్షన్ తిరిగి ఇవ్వాలి. 2025లో వైకల్యం పునఃపరిశీలనకు రమ్మని పెన్షన్‌దారులకు నోటీసులు వచ్చినప్పుడు, మా ఇంటికి రాకపోయినా మేమెంత టెన్షన్ పడ్డామో మాకే తెలుసు. చేతిలో ఉన్న పెన్షన్‌కే అంత భయపడినవాళ్లం, వదులుకున్నది మళ్లీ వస్తుందని ఎలా నమ్ముతాం సార్?

ఆఫీసువాళ్లు వచ్చే నెల 1వ తేదీ వరకు ఆగుతామన్నారు. సచివాలయం వాళ్లు పెన్షన్ పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేదీ ఆ రోజే.

ఇట్లు,
తెనాలి ప్రాంతం నుంచి ఒక పెన్షన్‌దారు