చురుకైన పిల్లలకు తర్కం కూడా నేర్పాలి

సంపాదకులకు నమస్కారం.

మన బడుల్లో చురుకైన విద్యార్థికి దక్కేది సాధారణంగా పై తరగతి పాఠమో, ఐఐటీ ఫౌండేషన్ పుస్తకాల బరువో మాత్రమే. వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే మూడు మెట్లుగా సాగే పాశ్చాత్య దేశాల సంప్రదాయ (క్లాసికల్) క్రైస్తవ విద్య మాత్రం, తెలివి దేవుడిచ్చిన తలాంతు (వరం) అని నమ్మి, అటువంటి పిల్లవాణ్ణి తొందరపెట్టకుండా అదే పాఠంలో మరింత లోతుకు దింపుతుంది. లాటిన్ వాక్యాన్ని విడదీయమంటుంది, వాదనలో లోపం పట్టమంటుంది, తన అభిప్రాయాన్ని పదిమందిలో నిలబడి సమర్థించమంటుంది. మనకు లాటినే కావాలని నేననను. తిక్కన నడయాడిన ఈ సీమలో, ఆయన ఉద్యోగపర్వంలోని రాయబార ఘట్టం వాదనాపటిమకు చక్కని పాఠం. బాప్టిస్టు మిషన్ 1840లోనే అడుగుపెట్టిన నెల్లూరులోనూ, మా ఒంగోలులోనూ ఉన్న క్రైస్తవ పాఠశాలలైనా ఎనిమిదో తరగతి నుంచి వారానికి రెండు పీరియడ్లు తర్కానికి, చర్చకు కేటాయించాలని, వాటికి మార్కులు పెట్టవద్దని యాజమాన్యాలను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు