చార్జి తీసుకునే ముందు

రాజమండ్రి

అమ్మలూ,

జాంబియాలో, ఆ లుసాకాలో నిన్ను ప్రిన్సిపాల్‌ని చేస్తున్నారని మీ అమ్మ ఈపాటికి వీధంతా చెప్పేసింది. నేను మాత్రం ఫోన్లో "చూద్దాంలే" అన్నాను. నీ గొంతు మారిపోయింది. ఫోన్లో నాకు మాటలు కుదరవని నీకు తెలుసుగా, అందుకే రాస్తున్నాను.

ఎమ్మే రోజుల్లో జె.హెచ్. ప్యారీ పుస్తకాలంటే నాకు పిచ్చి. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నేవీలో పనిచేసిన చరిత్రకారుడు. తెరచాప గురించి రాస్తే తాడు మన చేతిలో ఉన్నట్టే ఉండేది. ఆయనా నీలాగే పరాయి దేశంలో పాఠం చెప్పినవాడే. 1949 నుంచి జమైకాలోని మోనాలో ప్రొఫెసరు, 1956లో నైజీరియాలోని ఇబాదాన్ యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాలు. అది 1948లో పాత మిలిటరీ ఆసుపత్రిలో మొదలైన కాలేజీ. చదువు అక్కడ, డిగ్రీ లండన్‌ది. ఒకప్పుడు మన రాజమండ్రి కుర్రాళ్ళు మద్రాసు పట్టా కోసం చదివినట్టన్నమాట.

అదే కాలేజీలో చరిత్ర చెప్పేవాడు కెనెత్ డికే, ఆ దేశపు మనిషే. నైజర్ డెల్టా వర్తకం మీద ఆయన పుస్తకం అచ్చయిందీ 1956లోనే. ప్యారీ ఓడ మీంచి తీరాన్ని చూసి రాశాడు, డికే తీరం మీంచి ఓడని చూసి రాశాడు. పెద్దల నోట నిలిచిన కథల్నీ సాక్ష్యంగా తీసుకున్నాడు. నాకు ప్యారీ వచనం ఇష్టం, కానీ డికేదే పెద్ద పని అనిపిస్తుంది. 1960లో, నైజీరియాకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడే, ప్యారీ కుర్చీలోకి డికే వచ్చాడు. నాలుగేళ్ళే కూర్చుని ప్యారీ వేల్స్‌లోని స్వాన్సీకి మళ్ళీ ప్రిన్సిపాల్‌గా వెళ్ళాడు. 1965లో ఆ గొడవంతా వదిలి హార్వర్డ్‌లో సముద్రాల చరిత్ర చెప్పుకుంటూ, 1982లో పోయేదాకా అక్కడే ఉన్నాడు.

డికే కథ అంత సాఫీగా సాగలేదు. 1966 అల్లర్లలో, తూర్పు నైజీరియాకి చెందిన ఇబో జాతి మనిషి కావడం వల్ల, తన దేశంలోనే ఇబాదాన్ విడిచిపెట్టాల్సి వచ్చింది. ఇబోల ప్రాంతం విడిపోవాలని జరిగిన బియాఫ్రా యుద్ధం ముగిశాక ఆయనా హార్వర్డ్‌లోనే తేలాడు. పరాయివాడు సొంతవాడికి కుర్చీ అప్పగిస్తే, చివరికి ఇద్దరూ ఒకే పరాయి ఊళ్ళో పాఠాలు చెప్పారు. దీని గురించి ఎన్నిసార్లు ఆలోచించానో!

నా సంగతి నీకు తెలుసు. ఎనిమిది నెలలు ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్‌ని. ఆకుపచ్చ సిరా పెన్నుతో స్కాలర్‌షిప్ ఫారాల మీద సంతకాలు చేసీ చేసీ వేలు కాయకాసింది. ధవళేశ్వరం ఆనకట్ట మీద రాస్తున్నది 112వ పేజీ దగ్గర ఆగిపోయింది. చార్జి అప్పగించాక మళ్ళీ కూర్చుంటాననుకున్నాను. కూర్చోలేదు. దానికి ఎవర్నీ అనడానికి లేదు, తప్పు నాదే. నిన్న ట్రంకుపెట్టె తీసి ఆ కాగితాలు డాబా మీద ఎండబెట్టాను. మొదటి పది పేజీలూ చెదలకు పోయాయి, ఆనకట్ట కొలతలు మాత్రం దక్కాయి.

అందుకే "చూద్దాంలే" అన్నాను. వెళ్ళవద్దని కాదు, తప్పకుండా చార్జి తీసుకో. రాగి గనుల కూలీల మీద నువ్వు రాస్తున్నది ఎన్నో అధ్యాయం దాకా వచ్చిందో రాయి. రేపు ఆ కుర్చీ ఎవరికి అప్పగిస్తావో, మీ డిపార్ట్‌మెంటులో ఆ ఊరి మనిషెవరో, వాళ్ళ పేరు కూడా రాయి.

నాన్న