ఈసారి పోకర్ టేబుల్ దగ్గర ఇవి వద్దు

అందరికీ ఒక మాట. "నీ 100 ఇదిగో, పైన ఇంకో 200" అంటూ రెండు విడతలుగా చిప్స్ (పందెం బిళ్లలు) తోయడం ఇక చెల్లదు. మొదటి విడతకి ఎదుటివాళ్ల మొహం చదివి, తర్వాత పెంచే సందు అది. ముందే "రేజ్" (పందెం పెంచుతున్నా) అనాలి, లేదంటే కాల్ (ఎదుటి పందేనికి సమానంగా వేయడం) కిందే లెక్క. నోరు విప్పకుండా ఒక్క పెద్ద చిప్ పడేసినా అంతే. చిప్స్ పాట్‌లోకి (మధ్యలో పోగైన పందెం కుప్పలోకి) విసరొద్దు, ఎంత వేశారో తేలదు.

ఫోల్డ్ చేశాక (ముక్కలు పడేసి తప్పుకున్నాక) "అయ్యో, నా ఏడో నంబర్ ముక్క ఉంచుకోవాల్సింది!" అని మూలగడం అన్నిటికన్నా చేటు. ఇంకా ఆడుతున్నవాళ్లకి ఒక ముక్క లెక్క ఉచితంగా తెలిసిపోతుంది.

"చేతిలో రెండూ ఇస్పేటే కదా, అందుకే కాల్ చేశా" అనేవాళ్లకి: ఫ్లాప్‌లోనే (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు ముక్కలతోనే) ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) పడేది సుమారు 119 సార్లకి ఒకసారి.

ఇక ఆఖరి కాల్ అయ్యాక, నట్స్ (ఎవరూ ఓడించలేని ముక్కలు) చేతిలో పెట్టుకుని నిమిషం నాన్చడం... వద్దండీ బాబూ, వెంటనే తిప్పేయండి.